వ్యాయామానికి మంచి వేళ: ఉదయమా, సాయంత్రమా?

"డాక్టరు గారూ, నడకకు ఉదయం మంచిదా, సాయంత్రం మంచిదా?" వైద్యవృత్తిలో ఉన్నన్నాళ్ళూ నేను తరచుగా విన్న ప్రశ్నలలో ఇది ఒకటి. పదవీ విరమణ తరువాత కూడా పెళ్ళిళ్ళలోను, బస్సులలోను, కూరగాయల అంగడి దగ్గర కూడా ఇదే ప్రశ్న ఎదురవుతూ ఉంటుంది. ప్రశ్న చిన్నదే. అయితే కొంచెం సేపు మాట్లాడితే దాని వెనుకనున్న అసలు మాట బయటపడుతుంది. "ఉదయం నాకు కుదరదు, అందువలన నేను నడవడం లేదు" అన్నదే ఆ మాట.

ఈ విషయంలో నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ఆరోగ్యవంతులకు ఏ గంటకు వ్యాయామం చేస్తారన్నది చిన్న విషయం. వారానికి ఎన్ని నిమిషాలు చేస్తారు, ఏడాదిలో ఎన్ని వారాలు మానకుండా చేస్తారు అన్నవి పెద్ద విషయాలు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారికి, హృద్రోగులకు, ఎండలో శ్రమించేవారికి మాత్రం వేళ చాలా ముఖ్యం. మన సమాజంలో ఇది తలక్రిందులయింది. వేళతో అంతగా పనిలేని వారిని వేళ పేరుతో ఆపుతున్నాము. వేళ విషయంలో జాగ్రత్తపడవలసిన వారికి ఆ సంగతి చెప్పడం లేదు.

వేకువ మీద మనకున్న నమ్మకం

తిరుమలలో వేకువజామున సుప్రభాత సేవతో రోజు మొదలవుతుంది. దిగువన తిరుపతి కూడా తెల్లవారకముందే మేల్కొంటుంది. అయిదు గంటలకే విశ్వవిద్యాలయ ప్రాంగణంలోను, ప్రకాశం పార్కులోను, అలిపిరి వెళ్ళే దారిలోను నడిచేవారు కనిపిస్తారు. చిత్తూరులో మెసానికల్ మైదానం కూడా అంతే. చూడముచ్చటైన దృశ్యమది. వీరిని ఉదయపు నడక మానుకోమని నేను చెప్పను. ఉదయానికి ఒక గొప్ప సౌలభ్యం ఉంది: ఆ వేళ ఫోను మోగదు, చుట్టాలు రారు, కార్యాలయం పిలువదు. అందువలన ఉదయం నడిచేవారిలో చాలామంది నియమం తప్పకుండా కొనసాగగలుగుతారు. వేకువకున్న అసలు బలం ఈ నిలకడే.

తక్కినవి చాలావరకు అపోహలు. తెల్లవారుజామున గాలిలో ప్రాణవాయువు ఎక్కువగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. గాలిలో ప్రాణవాయువు ఏ వేళనైనా ఇంచుమించు 21 శాతమే. చెట్లు దానిని విడుదల చేసేది సూర్యకాంతిలో. రాత్రంతా అవి కూడా మనవలెనే ప్రాణవాయువును పీల్చుకుంటాయి. పైగా చలికాలంలో నేలకు దగ్గరగా ఉన్న చల్లని గాలి పైకి లేవక నిలిచిపోతుంది. వాహనాల పొగ, చెత్త కాల్చిన పొగ అందులో చిక్కుకుంటాయి. ఉబ్బసం ఉన్నవారికి మార్గశిర, పుష్య మాసాలలో మంచు విడిచి, పొద్దెక్కిన తరువాత నడవడమే మేలు.

పరగడుపున నడిస్తే కొవ్వు త్వరగా కరుగుతుందన్నది మరొక నమ్మకం. ఖాళీ కడుపుతో వ్యాయామం చేసేటప్పుడు శరీరం కొవ్వును కొంచెం ఎక్కువగా వాడుకునే మాట నిజం. కాని రోజు మొత్తం మీద, వారాల మీద లెక్క చూస్తే ఆ తేడా నిలవడం లేదు. బరువు తగ్గడం అన్నది మొత్తం తిండికీ మొత్తం శ్రమకూ సంబంధించిన విషయం. ఇక వేకువ ఎండలో డి విటమిను లభిస్తుందనేవారికి ఒక మాట. చర్మంలో ఆ విటమిను తయారు కావడానికి కావలసిన కిరణాలు పొద్దు బాగా పైకి వచ్చిన తరువాతనే నేలకు చేరతాయి. లేత ఎండ హాయిగా ఉంటుంది, నిద్ర వేళలను సరిదిద్దుతుంది. డి విటమిను మాత్రం ఆ వేళ లభించేది స్వల్పమే.

బ్రాహ్మీ ముహూర్తాన లేవాలని శాస్త్రం చెప్పింది కదా అని మీరు అడగవచ్చు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఆ మాట చెప్పాడు. అయితే ఆయన చెప్పింది స్వస్థునికి, అంటే ఆరోగ్యంగా ఉన్నవానికి. అదే అధ్యాయంలో వ్యాయామాన్ని గురించి చెబుతూ, బలవంతులు సైతం తమ శక్తిలో సగం మేరకే చేయాలన్నాడు. అది కూడా చలికాలంలోను, వసంతంలోను. ఇతర ఋతువులలో ఇంకా తేలికగా చేయాలన్నాడు. మనిషినీ, బలాన్నీ, ఋతువునూ చూసి వ్యాయామాన్ని నిర్ణయించాలన్న ఆ వివేకాన్ని మనం వదిలేసి, ముహూర్తాన్ని మాత్రం పట్టుకున్నాము.

శరీరంలోని గడియారం

మన శరీరంలో నిజంగానే ఒక గడియారం ఉంది. దాని యంత్రాంగాన్ని కణాల స్థాయిలో వివరించినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మెదడులోని హైపోథాలమస్‌లో ఉండే చిన్న కణసముదాయం కంటిలో పడే వెలుతురును బట్టి ఈ గడియారాన్ని సరిచేస్తూ ఉంటుంది. దానిని అనుసరించి శరీర ఉష్ణోగ్రత, రక్తపోటు, హార్మోనులు రోజులో పెరుగుతూ, తగ్గుతూ ఉంటాయి.

తెల్లవారుజామున శరీర ఉష్ణోగ్రత తక్కువగా ఉంటుంది. కండరాలు, కీళ్ళు బిగుసుకొని ఉంటాయి. సాయంకాలానికి ఉష్ణోగ్రత హెచ్చుస్థాయికి చేరుతుంది. కండరాల బలం, చురుకుదనం కూడా ఆ సమయంలోనే ఎక్కువగా ఉంటాయి. కాబట్టి బరువులెత్తేవారికి, పరుగు పందాలకు సిద్ధమయ్యేవారికి సాయంకాలం కొంత అనుకూలం. అయితే రోజూ ఒకే వేళకు సాధన చేస్తే శరీరం ఆ వేళకే అలవాటు పడుతుంది. ఉదయం సాధన చేసేవారికి ఉదయమే బలం కుదురుకుంటుంది.

ఒకే సమాచారం, మూడు జవాబులు

"ఉదయం కంటె మధ్యాహ్నం మేలు", "సాయంత్రపు వ్యాయామమే ఉత్తమం" అనే శీర్షికలు మీరు పత్రికలలో చూసే ఉంటారు. వాటి వెనుక ఉన్న పరిశోధనలు మంచివే. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే ఒక విచిత్రం కనిపిస్తుంది.

బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అనే మహాసమాచార నిధి ఉంది. అందులో పాల్గొన్న వేలాది మంది చేతికి వారం రోజులు కదలికలను నమోదు చేసే పరికరం కట్టారు. తరువాత కొన్ని సంవత్సరాలపాటు వారి ఆరోగ్యాన్ని గమనించారు. 2022లో వెలువడిన ఒక అధ్యయనం ఈ సమాచారాన్ని చూసి, ఉదయం పొద్దెక్కాక చురుకుగా ఉన్నవారికి గుండెజబ్బు, పక్షవాతం ముప్పు తక్కువగా ఉందన్నది. 2023లో వచ్చిన మరొక అధ్యయనం ఇదే నిధి నుండి సుమారు 92 వేల మంది వివరాలు చూసి, ఉదయం 11 నుండి సాయంత్రం 5 లోపు శ్రమించినవారిలో మరణాలు తక్కువన్నది. 2024లో వచ్చిన మూడవ అధ్యయనం స్థూలకాయం ఉన్న దాదాపు 30 వేల మందిని పరిశీలించి, సాయంత్రం చురుకుగా ఉన్నవారికే ఎక్కువ మేలన్నది.

ఒకే సమాచార నిధి, మూడు జవాబులు! ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. వారు ఎన్నుకున్న మనుషులు వేరు, చూసిన జబ్బులు వేరు, రోజును విభజించిన తీరు వేరు. పైగా ఇవి మనుషులను గమనించి చేసిన అధ్యయనాలు. మధ్యాహ్నం తీరికగా నడవగలిగిన వారికి ఇతర సౌకర్యాలు కూడా ఎక్కువగా ఉండవచ్చు; ఆ మేలు వేళ వలన వచ్చిందో, ఆ సౌకర్యాల వలన వచ్చిందో పూర్తిగా విడదీయలేము. వీటిలో 2023, 2024 అధ్యయనాలు రెండింటిలోను ఒక సంగతి స్థిరంగా కనిపిస్తుంది: ఏ వేళనైనా కదిలినవారు కదలనివారి కంటె మెరుగ్గా ఉన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలలో పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం కావాలని చెప్పింది. గంట ఏదో చెప్పలేదు. అదే సంస్థ నిపుణులు 2024లో ప్రకటించిన లెక్కల ప్రకారం మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మందికి ఈ కనీస శ్రమ కూడా లేదు. మన ఊళ్ళ అసలు జబ్బు కదలకపోవడమే.

బ్రిటన్ మధ్యాహ్నం, మన మధ్యాహ్నం

పరిశోధనల ఫలితాలను మన ఊరికి తెచ్చుకునేటప్పుడు మన ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 11 నుండి 5 గంటల మధ్య శ్రమించడం మేలన్నది బ్రిటన్ వాసుల మాట. ఏప్రిల్, మే నెలలలో రేణిగుంటలోనో, శ్రీకాళహస్తిలోనో ఆ సలహా పాటిస్తే వడదెబ్బ తప్పదు. తిరుపతిలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. సాయంత్రం ఆరు గంటలకు కూడా కాంక్రీటు రోడ్డు, కొండరాయి వేడిని కక్కుతూనే ఉంటాయి. ఆ నెలలలో ఉదయం ఏడున్నర లోపు గాని, రాత్రి పొద్దుపోయాక గాని నడవడం క్షేమం. పలమనేరు, మదనపల్లె వైపు ఎత్తుమీదున్న ఊళ్ళలో కొంత వెసులుబాటు ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలలలో ఈ లెక్క మారుతుంది. అప్పుడు ఉదయం ఎనిమిది తరువాత, లేదా సాయంత్రం నాలుగు తరువాత అందరికీ అనుకూలం.

రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు, వృద్ధులు వేసవిలో మరింత జాగ్రత్తగా ఉండాలి. వారికి దాహం వేయకముందే శరీరంలో నీరు, లవణాలు తగ్గిపోవచ్చు. బయలుదేరేముందు నీళ్ళు, తిరిగి వచ్చాక ఇంకొంత నీళ్ళో, మజ్జిగో తాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బు వలన నీటి పరిమితి ఉన్నవారు మాత్రం తమ వైద్యుని అడిగి ఆ మోతాదు నిర్ణయించుకోవాలి. తల తిరిగినా, చెమట ఆగిపోయినా, మాట తడబడినా నడక వెంటనే ఆపాలి. అది మొండితనం చూపవలసిన సందర్భం కాదు.

మధుమేహం ఉన్నవారికి వేళ మందు వంటిది

భారతీయ వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మంది మధుమేహంతో ఉన్నారు. వీరికి "పొద్దున్నే పరగడుపున నడవండి" అని అందరికీ ఒకే సలహా ఇవ్వడం ప్రమాదకరం.

ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు ఏమీ తినకుండా గంటసేపు నడిస్తే రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, మాట పొంతన లేకపోవడం దానికి గుర్తులు. ఇది నడిరోడ్డు మీద జరిగితే చూసినవారు తాగి పడ్డాడనుకొని తప్పుకుని పోతారు. కాబట్టి వీరు బయలుదేరేముందు చక్కెర పరీక్షించుకోవాలి. అది 90 లోపు ఉంటే ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో తిని బయలుదేరాలి. జేబులో చక్కెర గాని, గ్లూకోజు గాని తప్పక ఉండాలి. పొద్దున మాత్ర వేసుకొని, నడిచి వచ్చి తింటానని వెళ్ళడం అన్నిటికంటె చెడ్డ అలవాటు. మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ.

దీనికి భిన్నంగా, తెల్లవారుజామున చక్కెర సహజంగానే పెరిగేవారు కొందరుంటారు. ఆ వేళకు కార్టిసాల్ మొదలైన హార్మోనులు హెచ్చుతాయి కనుక, వేకువన తీవ్రమైన వ్యాయామం చేస్తే చక్కెర తగ్గవలసింది పోయి పెరగవచ్చు. స్వీడన్ శాస్త్రజ్ఞులు 2019లో మధుమేహమున్న 11 మంది పురుషులతో ఒక ప్రయోగం చేశారు. తీవ్రమైన వ్యాయామం మధ్యాహ్నం చేసినపుడు చక్కెర తగ్గింది, ఉదయం చేసినపుడు పెరిగింది. ఇది చిన్న ప్రయోగం. దీనిని బట్టి ఉదయపు నడకను ఎవరూ మానరాదు. మీ శరీరం ఎలా స్పందిస్తోందో నడకకు ముందు, తరువాత కొన్ని రోజులు పరీక్షించి మీరే తెలుసుకోండి.

మధుమేహులకు నిలకడగా మేలు చేసే వేళ ఒకటుంది. అది భోజనం తరువాత. న్యూజిలాండ్ పరిశోధకులు 2016లో 41 మంది మీద చేసిన అధ్యయనంలో, రోజుకు ఒకసారి 30 నిమిషాలు నడవడం కంటె, ప్రతి భోజనం తరువాత 10 నిమిషాలు నడిచినపుడు భోజనానంతర చక్కెర సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తరువాత ఆ తేడా 22 శాతం. తిన్నాక నూరడుగులు వేయమని మన పెద్దలు చెప్పనే చెప్పారు. రాగి సంగటి తిన్నా, అన్నం తిన్నా, రాత్రి కంచం కడిగిన వెంటనే టీవీ ముందు కూర్చోకుండా పది నిమిషాలు నడవండి. దానికి పార్కు అక్కరలేదు, బూట్లు అక్కరలేదు. మిద్దె మీద నడిచినా చాలు.

గుండెజబ్బు, రక్తపోటు, కొండమెట్లు

గుండెపోట్లు ఉదయం ఆరు నుండి మధ్యాహ్నం లోపు ఎక్కువగా వస్తాయని 1985లోనే ఒక ప్రసిద్ధ అమెరికా అధ్యయనం చూపింది. నిద్ర లేవగానే రక్తపోటు పెరుగుతుంది. రక్తం గడ్డకట్టే గుణం కూడా హెచ్చుతుంది. అయితే ఉదయపు నడకే గుండెపోటు తెస్తుందని దీని అర్థం కాదు. గుండె రోగులకు వైద్యుల పర్యవేక్షణలో ఉదయం, మధ్యాహ్నం వ్యాయామం చేయించి పోల్చిచూసినపుడు ప్రమాదాలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. క్రమంగా నడిచేవారికి ఉదయపు నడక క్షేమమే. ప్రమాదమంతా, ఏడాదంతా కదలకుండా కూర్చుని, ఒకనాటి తెల్లవారుజామున ఒక్కసారిగా పెద్ద శ్రమకు పూనుకోవడంలో ఉంది.

మన ప్రాంతంలో దీనికి తగిన ఉదాహరణ తిరుమల కాలినడక. అలిపిరి మార్గం సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు మార్గం రెండు కిలోమీటర్ల పైచిలుకే. కాని 2,388 మెట్లు. పొట్టిదారి కదా అని దానిని ఎంచుకునేవారు, ఎక్కుడు అంత నిటారుగా ఉంటుందని మరువరాదు. అలిపిరి దారిలో కూడా సగానికి పైగా మెట్లు గాలిగోపురం లోపే వస్తాయి. అంటే శరీరం ఇంకా వేడెక్కకముందే కఠినమైన భాగం ఎదురవుతుంది. రాత్రంతా బస్సులో ప్రయాణించి, నిద్రలేకుండా, మాత్రలు మరిచి, ఉపవాసంతో వేకువన ఎక్కడం మొదలుపెడితే గుండె మీద పడే భారం సామాన్యం కాదు. అరవై దాటినవారు, రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, హృద్రోగం ఉన్నవారు కాలినడకన రావద్దని దేవస్థానం వారు కూడా సూచించారు. మొక్కు ఉన్నవారు దానిని తేలికగా తీసుకోరాదు.

వెళ్ళక తప్పదనుకుంటే రెండు మూడు నెలల ముందు నుండి సాధన చేయండి. మొదట సమతలం మీద, తరువాత ఇంటి మెట్ల మీద అలవాటు చేసుకోండి. వైద్యునికి చూపించుకోండి. ఆనాటి మందులు మానకండి. మాట్లాడుతూ ఎక్కగలిగినంత వేగంతోనే ఎక్కండి. మాట ఆగిందంటే ఆగి కూర్చోండి. ఛాతీలో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, అసాధారణమైన ఆయాసం కనబడితే ఇంకొక్క మెట్టు కూడా ఎక్కకుండా సహాయం కోరండి. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారికి ఒక హెచ్చరిక: మధ్యాహ్నపు ఎండకు కాలిన నేల మీద చెప్పులు లేకుండా నడిస్తే పాదాలు బొబ్బలెక్కినా తెలియదు. ఆ పుండ్లు మానక చివరకు వేళ్ళు తీసివేయవలసి రావచ్చు.

భద్రత కూడా వేళను నిర్ణయిస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి మరణించింది. ఆ తరువాత పిల్లలను మధ్యాహ్నం దాటాక ఆ దారిన అనుమతించకుండా ఆంక్షలు పెట్టారు. ఊరిలోనైతే చీకటిలో వాహనాలూ, కుక్కలూ మన చిరుతలు. వెలుతురు లేని రోడ్డు మీద నడవవలసి వస్తే లేతరంగు దుస్తులు ధరించి, ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా కుడిపక్కన నడవండి.

ఆ గంట ఎవరికి దొరుకుతుంది?

చివరిగా, నా మనసులో ఎక్కువగా మెదిలే విషయం చెబుతాను. వేకువన నడవమనే సలహా ఎవరికి సరిపోతుందో గమనించండి. పార్కులలో ఆ వేళ కనబడేవారిలో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసిన పురుషులు, సొంత వ్యాపారాలున్నవారు. ఇంట్లో ఆ వేళకు స్త్రీ ఏమి చేస్తున్నది? నీళ్ళు పట్టడం, వాకిలి చిమ్మి ముగ్గు వేయడం, పిల్లల పెట్టెలు సర్దడం, నడిచి వచ్చే భర్తకు కాఫీ సిద్ధం చేయడం. పాడి ఉన్న ఇళ్ళలో ఉదయం, సాయంత్రం రెండు వేళలూ పాలు పితకడానికే సరిపోతాయి. మన దేశంలో తగినంత శ్రమ లేని స్త్రీలు 57 శాతం, పురుషులు 42 శాతమని పైన చెప్పిన 2024 లెక్కలే తెలుపుతున్నాయి. ఇంటి పని చేస్తున్నాము కదా అంటారు. ఆ పని అలసట ఇస్తుంది. కాని వంటగదిలో గంటల తరబడి నిలబడడం గుండెను వేగంగా కొట్టుకునేలా చేయదు.

అలాగే రేణిగుంట, శ్రీసిటీ కర్మాగారాలలో వారం వారం షిఫ్టు మారేవారు, నగరి, పుత్తూరులలో మరమగ్గాల దగ్గర పనిచేసేవారు, ఘాట్ రోడ్డు మీద బస్సులు నడిపేవారు ఉన్నారు. రాత్రి పని ముగించి తెల్లవారుజామున ఇంటికి చేరిన మనిషికి నడక కంటె నిద్ర ముఖ్యం. ఏడు గంటల నిద్రను కోసి వేకువ నడకకు ఇవ్వడం ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో లాక్కోవడమే. వీరు నిద్రలేచిన తరువాత, పనికి వెళ్ళేముందు నడవాలి. సాయంత్రం వ్యాయామం చేస్తే నిద్ర పట్టదన్న భయం కూడా అక్కరలేదు. పడుకోవడానికి గంట లోపు ఆయాసపడే తీవ్రమైన వ్యాయామం చేయకుండా ఉంటే చాలు.

కాబట్టి ఇంట్లో మీ నడకకు వేళ నిర్ణయించుకునేటప్పుడు మీ భార్య, తల్లి, కోడలు ఏ వేళకు నడుస్తారన్న ప్రశ్న కూడా వేసుకోండి. మీరు ఒక అరగంట వంటగది చూసుకుంటే ఆమెకు ఒక అరగంట దొరుకుతుంది. ఒక ఇంటికి ఇంతకంటె మంచి మందుచీటీ వ్రాయడం నాకు తెలియదు.

ఇప్పుడు మీ వేళను మీరే నిర్ణయించుకోండి. మొదట మీ జబ్బును, మందులను చూడండి; తరువాత ఋతువును, దారిని చూడండి; ఆపైన మీ ఇంటి పనులను చూసి, వారంలో కనీసం అయిదు రోజులు నిలబెట్టుకోగల అరగంటను ఎంచుకోండి. ఒకేసారి అరగంట కుదరకపోతే మూడు పదినిమిషాలుగా పంచుకోండి. ఆ సమయం ఉదయం అయిదయినా, రాత్రి తొమ్మిదయినా నాకు అభ్యంతరం లేదు. "రేపటి వేకువ నుండి" అని మాత్రం అనకండి. ఈ రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాలు నడవండి.